చుక్కల ముగ్గులో అల్గారిథమ్!
* బొమ్మగా చూపిస్తే కంప్యూటర్ పాఠం ఇట్టే అర్థమవుతుంది
* టొరంటో సినిమా నుంచి తాంబరం పరిశోధన వరకు... అదే సూత్రం
* చూసి ఊరుకుంటే మాత్రం లాభం తక్కువే

పుస్తకంలో అల్గారిథమ్ ఉంది. బోర్డు మీద ప్రోగ్రాం ఉంది. సారు రెండుసార్లు చెప్పారు కూడా. అయినా బుర్రకెక్కలేదు. బీసీఏ, బీటెక్ మొదటి ఏడాదిలో చేరిన పిల్లల్లో చాలామందికి ఎదురయ్యే ఇబ్బందే ఇది. పరీక్షకు బట్టీ పట్టి గట్టెక్కుతారు. ఇంటర్వ్యూలో 'అదే ప్రోగ్రాంను కాస్త మార్చి రాయండి' అనగానే చేతులెత్తేస్తారు.

సరిహద్దుకు ఇవతల స్థిరపడ్డ తెలుగు ఇళ్లలోని పిల్లలకు ఈ బరువు మరికాస్త ఎక్కువ. ఇంట్లో మాట్లాడేది తెలుగు. బళ్లారి, కోలారు పిల్లలైతే బడిలో కన్నడం, రాయగడ, బరంపురంలో ఒడియా, సోలాపూర్‌లో మరాఠీ. హోసూరు వైపు చూస్తే, 2006లో తమిళనాడు చేసిన చట్టంతో పదో తరగతి వరకు తమిళం దశలవారీగా తప్పనిసరి పాఠమైంది. ఇక కాలేజీకి వెళ్లేసరికి అంతా ఇంగ్లిషే. మూడు భాషల మధ్య నలిగిన విద్యార్థికి నాలుగోదిగా జావానో, పైథానో ఎదురవుతుంది. పాఠం కష్టమా, భాష కష్టమా అన్నది తేలక 'నాకు కంప్యూటర్ రాదు' అని తనకు తానే తీర్పు చెప్పేసుకుంటాడు.

ఈ చిక్కుకు ప్రపంచవ్యాప్తంగా అధ్యాపకులు వెతుక్కున్న దారుల్లో ఒకటి... బొమ్మ. ప్రోగ్రాం లోపల జరిగేదాన్ని కంటికి కనబడేలా చేయడం. ఇంగ్లిషులో దీన్నే విజువలైజేషన్ అంటారు. మన వాకిళ్లకూ, మగ్గాలకూ ఇది కొత్త సంగతేమీ కాదు.

ప్రార్థన లైనులో పాఠం

అల్గారిథమ్ అంటే పెద్ద పదంలా వినిపిస్తుంది గానీ, ఒక పనిని ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కి పూర్తిచేయాలో చెప్పే వరుస, అంతే. బడిలో డ్రిల్లు మాస్టారు పిల్లల్ని ఎత్తు ప్రకారం నిలబెట్టడం అందరికీ తెలిసిందే. ముందు నుంచి మొదలుపెట్టి పక్కపక్కనున్న ఇద్దర్ని చూస్తారు. ముందున్నవాడు పొడుగైతే 'ఒరేయ్, నువ్వు వెనక్కి రా' అని చోటు మారుస్తారు. తర్వాతి జంట దగ్గరకు వెళ్తారు. ఒక విడత చివరి దాకా పూర్తయ్యేసరికి అందరికన్నా పొడుగువాడు లైను చివరికి చేరిపోతాడు. రెండో విడతకు రెండో పొడుగువాడు. ఇలా మార్పు అవసరం లేనంతవరకు తిరగేస్తే లైను సరిపోతుంది. కంప్యూటర్ పుస్తకాల్లో దీని పేరు బబుల్ సార్ట్. నీటిలో బుడగ పైకి తేలినట్టు పెద్ద సంఖ్య చివరికి చేరుతుంది కాబట్టి ఆ పేరు.

ఇందులో చిక్కేమిటంటే, పోలికలు ఎక్కువ. ఐదుగురుంటే గరిష్ఠంగా 10 పోలికలతో సరిపోతుంది. 60 మంది ఉన్న తరగతికి 1,770 దాకా కావాలి.

రెండో పద్ధతి చూడండి. లైనును సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి విడగొడుతూ ఒక్కొక్కరు మిగిలేదాకా పోవాలి. తర్వాత చిన్న లైన్లను రెండేసి చొప్పున కలుపుకుంటూ రావాలి. కలిపేటప్పుడు రెండు లైన్లలోనూ ముందు నిలబడ్డ ఇద్దర్ని పోల్చి పొట్టివాణ్ని తీసుకుంటే చాలు. దీన్ని మెర్జ్ సార్ట్ అంటారు. 60 మందికి పోలికలు 300 లోపే.

తేడా ఇంతేనా అనిపించొచ్చు. లక్ష పేర్లున్న ఓటర్ల జాబితాకు ఇదే లెక్క వేస్తే మొదటి పద్ధతికి సుమారు 500 కోట్ల పోలికలు అవసరం కావచ్చు. రెండోదానికి 16 లక్షల లోపు చాలు. సెకనుకు కోటి పోలికలు చేసే యంత్రం మొదటి పద్ధతిలో 8 నిమిషాలకు పైగా కూర్చుంటే, రెండో పద్ధతిలో సెకనులో ఆరోవంతుకే లేచిపోతుంది. ఇవే అంకెలు బోర్డు మీద సూత్రంగా రాస్తే కళ్లు తిరుగుతాయి. లైనులో నిలబడి చోటు మారిన పిల్లాడికి మాత్రం కాళ్ల నొప్పితో సహా గుర్తుండిపోతాయి.

అరగంట సినిమా

కంప్యూటర్ల తొలినాళ్లలోనే ఈ అవసరం గుర్తించారు. 1947 ప్రాంతంలో హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ నాయ్‌మన్ తమ నివేదికల్లో ప్రోగ్రాం నడకను గళ్లు, బాణాలతో గీసి చూపారు. నేటికీ తరగతుల్లో గీయించే ఫ్లోచార్టుకు మూలం అక్కడుంది. అయితే ఫ్లోచార్టు కదలదు. దారి చూపుతుంది గానీ, నడక చూపదు.

ఆ కొరత తీర్చింది కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం. ఆచార్యుడు రోనాల్డ్ బేకర్ 1981లో 'సార్టింగ్ అవుట్ సార్టింగ్' పేరుతో అరగంట సినిమా తీశారు. వరుసలో పెట్టే పద్ధతులు తొమ్మిదింటిని మూడేసి చొప్పున మూడు గుంపులు చేసి, సంఖ్యలను నిలువు కడ్డీలుగా మార్చి తెరమీద ఆడించారు. చివర్లో అసలు వేడుక. తొమ్మిది పద్ధతులకూ ఒకేసారి పందెం పెట్టారు. ప్రతి గడిలో చెల్లాచెదురుగా చుక్కలు. పద్ధతి నడిచేకొద్దీ ఆ చుక్కల మేఘం సర్దుకుంటూ ఏటవాలు గీతగా మారుతుంది. క్విక్ సార్ట్ గీత ఎప్పుడో తయారైపోతే, బబుల్ సార్ట్ ఇంకా ఆపసోపాలు పడుతూనే ఉంటుంది. ఏది వేగమో, ఏది మందకొడో మాటల అవసరం లేకుండానే తెలిసిపోతుంది. ఎన్నో దేశాల తరగతి గదుల్లో ఆ సినిమా ఏళ్ల తరబడి ఆడింది.

మరి కొన్నాళ్లకే అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో మార్క్ బ్రౌన్, రాబర్ట్ సెడ్జ్‌విక్ కలిసి 'బాల్సా' అనే వ్యవస్థను తయారుచేశారు. దాని వివరాలు 1984లో ప్రచురించారు. సినిమా అయితే చూడటమే. ఇక్కడ విద్యార్థి బొమ్మను ఆపొచ్చు, నెమ్మది చేయొచ్చు, వేరే అంకెలిచ్చి మళ్లీ నడిపించొచ్చు.

గజ్జె కట్టిన సంఖ్యలు

సరిహద్దు బతుకులు బతికేవారికి మరీ దగ్గరగా తోచే ప్రయోగం రొమేనియాలో జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920 నాటి ట్రియనాన్ ఒప్పందంతో ట్రాన్సిల్వేనియా ప్రాంతం హంగరీ నుంచి రొమేనియాకు వెళ్లింది. గీత మారినా అక్కడి హంగేరియన్లు ఊళ్లు వదల్లేదు, భాషా వదల్లేదు. వారి భాషలో బోధించే సపియెన్షియా విశ్వవిద్యాలయం ఉంది. తర్గు మురేష్ ప్రాంతంలోని ఆ విశ్వవిద్యాలయ అధ్యాపకుడు జోల్తాన్ కాతాయ్ బృందం 2011లో 'అల్గోరిద్మిక్స్' పేరిట వీడియోలు చేసింది.

అందులో కంప్యూటరే కనిపించదు. జానపద దుస్తులు వేసుకున్న నర్తకులు ఒక్కొక్కరు ఒక్కో సంఖ్య ధరించి వరుసగా నిలబడతారు. సంగీతం మొదలవుతుంది. ఇద్దరు ముందుకొచ్చి ఎదురెదురుగా ఆడతారు. అది పోలిక. పెద్ద సంఖ్య తప్పు చోట ఉంటే స్థానాలు మార్చుకుని వరుసలోకి వెళ్తారు. అది మార్పిడి. నృత్యం ముగిసేసరికి సంఖ్యలన్నీ వరుసలో ఉంటాయి.

ఇంకో విశేషం... బబుల్ సార్ట్‌కు హంగేరియన్ నృత్యం తీసుకుంటే, ఇన్సర్షన్ సార్ట్‌కు రొమేనియన్ నృత్యం, సెలెక్షన్ సార్ట్‌కు జిప్సీల నృత్యం, మెర్జ్ సార్ట్‌కు అక్కడే తరతరాలుగా ఉంటున్న జర్మన్ సాక్సన్ల నృత్యం ఎంచుకున్నారు. ఒకే నేల మీద కలిసి బతికే నాలుగు జాతుల ఆటలు ఒకే పాఠంలో ఇమిడాయి. కోలాటంలో జోడీ మారడం, చుట్టు తిరిగి మళ్లీ చోటుకు చేరడం చూసినవారికి ఇదేమంత వింతగా అనిపించదు. మన ఊళ్లలోని కోలాటం బృందాలతోనూ ఈ పని చేయించొచ్చు. కావలసిందల్లా వీపున ఒక అంకె, ఓపికగల ఒక మాస్టారు.

తాంబరంలో ముగ్గుకు పట్టం

అంత దూరం ఎందుకు? చెన్నై శివారు తాంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో ముగ్గు మీద కంప్యూటర్ శాస్త్ర పరిశోధన జరిగి యాభై ఏళ్లు దాటింది. అక్కడి ఆచార్యులు గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ దంపతులు, వారితోపాటు కమలా కృత్తివాసన్ కలిసి 1974లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వాక్యానికి వ్యాకరణం ఉన్నట్టే బొమ్మకూ వ్యాకరణం రాయొచ్చన్నది అప్పట్లో కొత్త ఆలోచన. చిన్న చిన్న నియమాలను పదేపదే వర్తింపజేస్తే ఎంత పెద్ద బొమ్మయినా తయారవుతుంది. దానికి వారు తీసుకున్న ఉదాహరణ కోలం... అంటే మన ముగ్గే. ఇంటి ముందు ఆడవాళ్లు పొద్దున్నే వేసే ఆ గీతలు అంతర్జాతీయ కంప్యూటర్ గ్రాఫిక్స్ పత్రికలోకి ఎక్కాయి.

ముగ్గుల పుస్తకం తెరిచి చూడండి. ప్రతి ముగ్గు కింద ఓ చిన్న సూచన ఉంటుంది. 'చుక్కలు 7, సందు చుక్క, 4 వరకు'. అంతే. తెలిసినవారికి అది చాలు. నడుమ వరుసలో ఏడు, దాని సందుల్లో పైనా కిందా ఆరు చొప్పున, తర్వాత ఐదు, తర్వాత నాలుగు. లెక్క కడితే 37 చుక్కలు. ఆరు మూలల ఆకారం దానంతటదే వస్తుంది. అదే 'సరి చుక్క, 1 వరకు' అంటే వరుసకు రెండేసి తగ్గుతూ ఏడు, ఐదు, మూడు, ఒకటి. మొత్తం 25. ఆకారం మారిపోతుంది.

కంప్యూటర్ భాషలో చెప్పాలంటే ఏడు అన్నది ఇచ్చే విలువ. సందు చుక్కా, సరి చుక్కా అన్నది నియమం. నాలుగు వరకు, ఒకటి వరకు అన్నది ఎక్కడ ఆపాలో చెప్పే షరతు. ప్రోగ్రాంలో 'లూప్' అని పిలిచేది ఇదే. మెలికల ముగ్గులో చుక్క చుట్టూ తిరిగే గీత ఎక్కడా తెగకుండా బయల్దేరిన చోటికే చేరాలన్న నియమం కూడా అలాంటిదే. తప్పు చేస్తే గీత కలవదు. ఎక్కడ తప్పిందో వెతుక్కుని అంతవరకే చెరిపి మళ్లీ వేస్తారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీన్ని డీబగ్గింగ్ అంటారు. బడి మెట్లు ఎక్కని అవ్వలు కూడా రోజూ వాకిట్లో చేసిన పనే ఇది.

సోలాపూర్ మగ్గం చెప్పే కథ

తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు తరతరాలుగా స్థిరపడ్డ ఊరు సోలాపూర్. అక్కడి దుప్పట్లకు దేశమంతా పేరుంది. ఆ దుప్పటి మీద పువ్వో, నెమలో రావాలంటే ముందు గళ్ల కాగితం మీద బొమ్మ గీయాలి. ఒక్కో గడి ఒక్కో దారపు సంగతి చెబుతుంది. రంగు నింపిన గడి అంటే పడుగు దారం లేవాలి. ఖాళీ గడి అంటే లేవకూడదు. ఆ గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. జకార్డ్ యంత్రం ఆ అట్టలను ఒకటొకటిగా చదువుతూ దారాలను లేపుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ గీత పని కంప్యూటర్ తెరమీదకు మారినా సూత్రం మాత్రం అదే.

ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తెచ్చిన ఈ ఏర్పాటును చూసే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలు వాడాలనుకున్నారు. జకార్డ్ ముఖచిత్రాన్నే పట్టుమీద నేయడానికి సుమారు 24,000 అట్టలు పట్టాయి. ఆ బట్టను బాబేజ్ సంపాదించి దాచుకున్నారు. కంప్యూటర్ చరిత్ర మగ్గం గుంతలోంచి నడిచి వచ్చిందంటే అతిశయోక్తి కాదు. గళ్ల కాగితం, అట్ట, బట్ట... మూడూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ప్రోగ్రాం అంటే ఏమిటో నేతన్న ఇంటి పిల్లకు వేరే చెప్పనక్కర్లేదు.

చూస్తే సరిపోతుందా?

ఇక్కడే ఒక మెలిక ఉంది. బొమ్మ చూపిస్తే పాఠం వచ్చేస్తుందని మొదట్లో అందరూ అనుకున్నారు. పరీక్షలు పెట్టి చూస్తే ఫలితాలు ఒక్కలా రాలేదు. కొన్నిచోట్ల బొమ్మ చూసినవారు ముందుంటే, కొన్నిచోట్ల పుస్తకం చదివినవారికీ వారికీ తేడాయే లేదు. 2002లో క్రిస్టఫర్ హుండ్‌హౌజెన్, సారా డగ్లస్, జాన్ స్టాస్కో అనే ముగ్గురు పరిశోధకులు అంతకుముందు జరిగిన 24 ప్రయోగాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. వారు తేల్చింది ఇదీ... తెరమీద ఏం చూపించారన్న దానికన్నా, దాంతో విద్యార్థి ఏం చేశాడన్నదే ముఖ్యం.

తర్వాతి మెట్టు ఏమిటో ముందే ఊహించి చెప్పినవాడికి, తన అంకెలు తానే ఇచ్చి నడిపించినవాడికి, బొమ్మను తానే గీసి పక్కవాడికి వివరించినవాడికి లాభం. కుర్చీలో వెనక్కి వాలి చూసినవాడికి అది ఒక కార్టూన్ సినిమా. మరీ వేగంగా కదిలే రంగుల బొమ్మతో ఇంకో ప్రమాదం ఉంది. అర్థమైనట్టు అనిపిస్తుంది. పరీక్ష గదిలో కూర్చున్నాకే అసలు సంగతి తెలుస్తుంది. ఫోనులో వీడియోలు చూసి 'వచ్చేసింది' అనుకునే పిల్లలూ, వారిని చూసి మురిసిపోయే తల్లిదండ్రులూ గమనించాల్సిన విషయమిది.

అందుకే తర్వాత వచ్చిన పనిముట్లు చేయితిరిగేలా తయారయ్యాయి. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ హలీమ్ 2011లో మొదలుపెట్టిన 'విజువాల్గో'లో అంకెలు మనమే ఇచ్చి మెట్టు మెట్టుగా ముందుకూ వెనక్కూ నడిపించొచ్చు. ఫిలిప్ గువో 2010లో ప్రారంభించిన 'పైథాన్ ట్యూటర్'లో మనం రాసిన ప్రోగ్రాంనే వరుస వరుసగా నడిపి, ఏ పేరు డబ్బాలో ఏ విలువ ఉందో, ఏ బాణం ఎటు చూస్తుందో చూపిస్తుంది. చిన్న పిల్లలకైతే అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన 'స్క్రాచ్' ఉంది. ఆదేశాలను రంగు ముక్కలుగా అతికించుకుంటూ పోతే ప్రోగ్రాం తయారవుతుంది. 'స్క్రాచ్' ఇప్పుడు 70కి పైగా భాషల్లో దొరుకుతోంది. ఇవన్నీ ఉచితమే.

కరెంటు లేకున్నా పాఠం ఆగదు

ల్యాబు లేదు, నెట్టు రాదు అన్న బడులకూ దారుంది. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్ తోటివారితో కలిసి కంప్యూటర్ లేకుండానే కంప్యూటర్ శాస్త్రం నేర్పే పాఠాలు తయారుచేశారు. వాటిలో ఒకటి అచ్చం మన తొక్కుడుబిళ్ల ఆటలా ఉంటుంది. నేల మీద సుద్దతో గళ్లు, దారులు గీస్తారు. ఆరుగురు పిల్లలు తలా ఒక అంకె పట్టుకుని ఒక వైపు నుంచి బయల్దేరతారు. ఏ గడిలో ఇద్దరు కలిసినా అంకెలు పోల్చుకుని చిన్నది ఎడమ దారిన, పెద్దది కుడి దారిన పోవాలి. అవతలి గట్టు చేరేసరికి ఆరుగురూ వరుసలో ఉంటారు. ఒకరు తొందరపడి తప్పు దారిన పోయారా, వరుస చెడుతుంది. ఎక్కడ చెడిందో పిల్లలే వెతికి పట్టుకుంటారు.

సాంకేతిక విద్యామండలి 2021 నుంచి తెలుగు సహా భారతీయ భాషల్లో ఇంజినీరింగ్ చదువుకు వీలు కల్పించింది. సరిహద్దు ఊళ్ల పిల్లలందరికీ ఆ అవకాశం అందుబాటులో ఉండకపోవచ్చు. కాలేజీలో ఇంగ్లిషులో విన్న పాఠాన్ని ఇంటికొచ్చి సొంత భాషలో ఒకరికి చెప్పడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. 'అమ్మా, నువ్వు వేసే ముగ్గులో ఉన్నదే మా సారు చెప్పేది' అంటూ చుక్కలు పెట్టి చూపించగలిగిన రోజున ఆ పాఠం వచ్చినట్టే లెక్క. ఆ తర్వాత అది ఏ భాషలో అడిగినా చెబుతారు.

ఇంట్లో చేసి చూడండి

* పేకముక్కల్లో ఒకే రంగువి ఎనిమిది తీసుకుని కలిపి వరుసగా బోర్లా పరచండి. ఒకసారికి రెండు ముక్కలే తిప్పి చూడాలన్నది నియమం. కంప్యూటర్ కూడా అలాగే చూస్తుంది.

* బబుల్ సార్ట్‌తో సర్దండి. ప్రతి పోలికకు ఒక చింతగింజ పక్కన పెట్టండి. చివరికి 28కి మించవు.

* మళ్లీ కలిపి, ఈసారి సగాలు చేసి మెర్జ్ సార్ట్‌తో సర్దండి. గింజలు 17కు మించవు.

* ముక్క తిప్పేముందు 'ఇప్పుడు మార్చాలా, అక్కర్లేదా?' అని పిల్లల్ని అడగండి. జవాబు వచ్చాకే తిప్పండి. పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

* చివరగా పిల్లలనే గురువు కుర్చీలో కూర్చోబెట్టి, ఇంట్లో ఒకరికి తెలుగులో చెప్పించండి.